కొలత మించిన లోడుకు అనుమతి జిల్లాలోనే దొరకాలి

గరివిడి సబ్‌స్టేషన్‌కు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వస్తోందంటే నాతవలస నుంచి దారి పొడవునా జనం రోడ్డెక్కి చూస్తారు. ముందొక పోలీసు జీపు, వెనకొక జీపు, తీగల సంగతి చూసుకోవడానికి లైన్‌మన్లు, చక్రాల పక్కనే నడిచే మనుషులు. వంతెన మీదికి వచ్చేసరికి మనిషి నడకతో సమానంగా పోతుంది. దాన్ని చూసి భయపడేవాళ్లే ఎక్కువ. నిజానికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రోడ్ల మీద కొలత మించి తిరిగే బండ్లన్నిటిలోకీ భద్రంగా పోయేది అదే. భయపడాల్సింది ఆ రాత్రికే అదే రోడ్డు మీద వెనక్కి రెండు బారల సరుగుడు గెడలు పొడుచుకొచ్చి, వెనక దీపం లేకుండా పోయే ట్రాక్టరును చూసి. లోబెడ్ మీద, అంటే మిషన్లు మోసే తక్కువ ఎత్తు ట్రైలర్ మీద, పొక్లెయిన్ ఎక్కించుకుని ఎదురొచ్చే బస్సుకు జానెడు సందు కూడా మిగల్చని బండిని చూసి.

నా వాదన సూటిగా ఇదీ. కొలత మించిన లోడుకు మనకున్న అనుమతి పద్ధతంతా ఆ ట్రాన్స్‌ఫార్మర్ లాంటి వంద టన్నుల బండిని మనసులో పెట్టుకుని తయారైంది. ఒక మండలం నుంచి పక్క మండలానికి పొక్లెయినో, కోత మిషనో తీసుకెళ్లేవాడికి అందులో చోటు లేదు. చోటు లేదు కాబట్టి అతను అసలు అడగడు. అడగడు కాబట్టి చీకటి పడ్డాక బయల్దేరతాడు. ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

ముందు కొలతలు తెలియాలి. కేంద్ర మోటారు వాహన నియమాలు 1989లో 93వ నియమం బండి కొలతలు చెబుతుంది. వెడల్పు 2.6 మీటర్లు. మామూలు లారీ, అంటే విడి ట్రైలర్ లేనిది, పొడవు 12 మీటర్లు. సరుకు బండి ఎత్తు నేల నుంచి 4 మీటర్లు, కంటెయినర్ల లాంటి కొన్నిటికి ఇంకొంత వెసులుబాటు ఉంది. సరుకు బాడీకి పక్కల నుంచి గానీ, ముందు నుంచి గానీ, వెనక నుంచి గానీ బయటికి రాకూడదు. ఒకప్పుడు వెనక ఒక మీటరు దాకా రానిచ్చేవారు. ఇనుప చువ్వలు గుచ్చుకుని జనం చనిపోతున్నారన్న వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, తర్వాత ఆ వెసులుబాటు తీసేశారు. ఇప్పుడు మీటరు కాదు, అడుగు కూడా కుదరదు. అయినా ఎర్ర గుడ్డ కడితే చాలనే నమ్మకం మాత్రం మన దగ్గర ఇంకా పోలేదు. ఎర్ర గుడ్డ పగటిపూట హెచ్చరిక, అంతే. అది అనుమతి కాదు.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 194వ సెక్షన్‌లో 1ఏ అని కొత్తగా చేర్చారు. సరుకు కొలత మించి బయటికి వస్తే 20,000 రూపాయల జరిమానా, పైగా అదనపు సరుకు దించే ఖర్చు బండివాడిదే, దించేదాకా బండి కదలకూడదు. బరువు మించితే జరిమానా వేరు: 20,000తో పాటు ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. తూకానికి ఆపమన్నా ఆపకపోతే 40,000. ఇంత కఠినంగా రాసిన ఆ 1ఏ కిందనే ఒక మినహాయింపు కూడా ఉంది. ఫలానా సరుకు తీసుకెళ్లడానికి అధికారం ఉన్నవారు అనుమతి ఇచ్చి ఉంటే ఈ జరిమానా వర్తించదు. అంటే చట్టమే తలుపు తెరిచి పెట్టింది. ఆ తలుపు దాకా పోయే దారి మాత్రం జిల్లాలో వేయలేదు.

పొక్లెయిన్ సంగతి చూడండి. 20 టన్నుల తరగతి మిషన్‌కు ట్రాకుల చివర నుంచి చివరకు వెడల్పు సుమారు 2.8 మీటర్లు. అంటే విప్పి చిన్నది చేయలేని సరుకు, ఏ లోబెడ్ మీద పెట్టినా చట్టం చెప్పిన 2.6 దాటుతుంది. లోబెడ్ పళ్లెం నేల నుంచి సుమారు మీటరు ఎత్తు, బూమ్, అంటే దాని పొడవాటి చేయి, మడిచిన మిషన్ ఎత్తు మూడు మీటర్లు. మొత్తం నాలుగు, సరిగ్గా గీత మీద. బూమ్ జానెడు పైకి వదిలేసినా గీత దాటినట్టే. ఇలాంటి మిషన్లు లేకుండా మన దగ్గర ఏ పనీ జరగడం లేదు. భోగాపురం విమానాశ్రయం, మూలపేట రేవు, చెరువుల పూడికతీత, టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలు, అన్ని చోట్లా అవే. అవన్నీ ఒక పని నుంచి ఇంకో పనికి రోడ్డు మీదే పోవాలి.

ఇప్పుడు దాన్ని మన రోడ్ల మీద పెట్టి చూడండి. జాతీయ రహదారి 16 మీద బాధ లేదు, ఒక వరుసే మూడున్నర మీటర్లు. టోల్‌గేటు దగ్గర మామూలు వరుస 3.2 మీటర్లు, పెద్ద బండ్ల కోసం చివర 4.5 మీటర్ల వరుస ఒకటి ఉంటుంది. మడపాం, చిలకపాలెం, నాతవలస గేట్లలో ఎక్కడా ఇరుక్కోదు కాబట్టి ఇది పెద్ద లోడు అన్న ఆలోచన డ్రైవరుకే రాదు. రహదారి దిగాక అసలు సంగతి తెలుస్తుంది. మండల రోడ్లలో చాలా వాటికి తారు వెడల్పు 5.5 మీటర్లు. పొక్లెయిన్ 2.8, ఎదురొచ్చే బస్సు రెండున్నర, మొత్తం 5.3. ఇద్దరి మధ్యా, రెండు అంచులూ కలిపి మిగిలేది 20 సెంటీమీటర్లు. ఊరి రోడ్డయితే 3.75 మీటర్లే. అక్కడ ఎదురు వచ్చేవాడు బర్ము మీదికి, అంటే రోడ్డు పక్క మట్టి అంచు మీదికి దిగాలి. వానాకాలం బర్ము మెత్తబడితే బండి పొలంలోకి ఒరుగుతుంది. ఆ బండి బస్సే అయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మలుపు దగ్గర ఇంకో లెక్క ఉంది. ముందు చక్రాలు ఎంత వంపు తీసుకుంటే వెనక చక్రాలు అంతకన్నా లోపలికి కోసుకుంటూ పోతాయి. లోబెడ్ ఇరుసులు తిరగవు. ముందుండి లాగే బండికి, అంటే పుల్లర్‌కు, తగిలించిన చోటు నుంచి వెనక ఇరుసుల దాకా 9 మీటర్లు ఉండి, మలుపు వ్యాసార్ధం 15 మీటర్లయితే వెనక భాగం 3 మీటర్లు లోపలికి జరుగుతుంది. మిషన్ వెడల్పుతో కలిపితే ఆ ఒక్క బండికే దాదాపు ఆరు మీటర్ల రోడ్డు కావాలి. అందుకే ఊరి మొగలో బడ్డీ కొట్టు పందిరి కూలేది, కల్వర్టు గోడ విరిగేది. డ్రైవరు ఎంత చేయి తిరిగినవాడైనా లెక్క మారదు. మలుపు ముందే కొలుచుకోవాలి, లేకపోతే వేరే దారి చూసుకోవాలి.

వంద టన్నుల బండి భద్రమని ఎందుకన్నానో ఇక్కడ వివరంగా చెప్పాలి, ఎందుకంటే చిన్న లోడుకు కావలసినదంతా అందులోనే ఉంది.

ఆ ట్రైలర్‌ను హైడ్రాలిక్ మాడ్యులర్ ట్రైలర్ అంటారు. ఇరుసుల వరుసలు మీటరున్నర ఎడంతో ఉంటాయి, ఒక్కో వరుసకు 8 టైర్లు. వరుస మీద 18 టన్నుల దాకా బరువు వేయనిస్తారు. ట్రాన్స్‌ఫార్మర్‌ను అలాగే ఎక్కించరు. నూనె తీసేసి, తీగలు తగిలించే బుషింగులు, నూనెను చల్లార్చే రేడియేటర్లు, పైనుండే నూనె ట్యాంకు విప్పి వేరే లారీల్లో పంపుతారు. లోపల తడి చేరకుండా పొడి గాలో నైట్రోజనో నింపుతారు. కుదుపులు నమోదు చేసే పరికరం ఒకటి ట్యాంకుకు బిగిస్తారు, తర్వాత ఎక్కడ ఎంత అదిరిందో అందులో తెలుస్తుంది. అలా తయారైన ముద్ద వంద టన్నులు, ట్రైలర్‌కు పది వరుసలు, వరుసకు సొంత బరువు నాలుగు టన్నులు అనుకుందాం. మొత్తం 140, వరుసకు 14, టైరుకు 1.75 టన్నులు. ఇప్పుడు మన ఊరి లారీ చూడండి. 2018లో పెంచిన ఇరుసు బరువుల ప్రకారం వెనక జంట ఇరుసుల మీద 21 టన్నులు ఉండొచ్చు. ఎనిమిది టైర్లకు పంచితే టైరుకు 2.6 టన్నులు. చట్టానికి లోబడి పోయే లారీ టైరే ఆ పెద్ద బండి టైరుకన్నా గట్టిగా రోడ్డును నొక్కుతోంది. ఇక బరువు మించిన ఇసుక లారీ సంగతి వేరే చెప్పాలా?

తారు రోడ్డుకు ఈ లెక్క సరిపోతుంది గానీ వంతెనకు సరిపోదు. వంతెన చూసేది ఒక స్పాన్ మీద, అంటే రెండు స్తంభాల మధ్య భాగం మీద, ఒకేసారి ఎంత బరువు నిలిచిందన్నది. పది మీటర్ల స్పాన్ మీద ఏడు వరుసలు నిలుస్తాయి, అంటే 98 టన్నులు. మన వంతెనలు చాలావరకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) పెట్టిన 70ఆర్ అనే లెక్కకు కట్టినవి. అందులో చక్రాల బండి 100 టన్నులు, అదీ ఆ బరువు పదమూడు మీటర్లకు పైగా పరుచుకుని ఉంటుంది. కాబట్టి చిన్న స్పాన్ మీద మన బండి గీత దాటొచ్చు. పాత రాతి వంపుల కల్వర్టులకు ఆ లెక్క కూడా ఉండదు. అందుకే ఇంజినీరు ప్రతి కల్వర్టునూ, ప్రతి గెడ్డ (వాగు) మీది వంతెననూ విడిగా చూడాలి. ఐఆర్‌సీ 6 ప్రమాణంలో 385 టన్నుల ప్రత్యేక వాహనం అని ఒక లెక్క ఇప్పుడు చేరింది, దాంతోపాటు వంతెన దాటే పద్ధతీ రాశారు. గంటకు 5 కిలోమీటర్లు మించకూడదు, వంతెన మీద ఇంకో బండి ఉండకూడదు, నడి గీతకు అటూ ఇటూ 300 మిల్లీమీటర్ల లోపే పోవాలి, బ్రేకు వేయకూడదు.

ఈ నాలుగింటికీ కారణాలున్నాయి. నెమ్మదిగా పోతే కుదుపు బలం ఉండదు. మామూలు వేగంలో చిన్న స్పాన్లకు కుదుపు కింద 25 శాతం దాకా అదనంగా లెక్కేస్తారు, నడక వేగంలో అది మిగులు. నడి మధ్యలో పోతే దూలాలన్నీ సమానంగా మోస్తాయి, పక్కకు జరిగితే చివరి దూలం మీదే భారం. బ్రేకు వేస్తే ఆ తోపు బేరింగుల మీదికి, స్తంభాల మీదికి పోతుంది. వేరే బండి ఉంటే లెక్కలో లేని బరువు చేరుతుంది. కాగితం మీద షరతులుగా కనిపించేవన్నీ వంతెన ఒంట్లో జరిగే సంగతులే. శ్రీకాకుళంలో నాగావళి మీద ట్రాఫిక్ ఆపినప్పుడు హారన్ కొట్టేవాళ్లు ఈ ఒక్కటి తెలుసుకున్నా మంచిదే.

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు లెక్క బరువు నుంచి పట్టుకు మారుతుంది. పుల్లర్‌తో కలిపి 150 టన్నులు, రోడ్డు 6 శాతం ఎత్తు అనుకోండి. ఎత్తుకు 9 టన్నుల లాగుడు, చక్రాలు దొర్లడానికి రెండుంపావు, మొత్తం 11 టన్నుల పైచిలుకు. పుల్లర్ లాగే చక్రాల మీద 24 టన్నులుంటే పొడి రోడ్డు మీద 14 టన్నుల పట్టు వస్తుంది, చాలు. రోడ్డు తడిస్తే అదే పట్టు తొమ్మిదిన్నరకు పడిపోతుంది. ఇంజను ఎంత బలమైనదైనా చక్రం ఉన్నచోటే తిరుగుతుంది, బండి వెనక్కి జారడం మొదలవుతుంది. అందుకే ఘాట్‌లో రెండో పుల్లర్ వెనక ఉంటుంది, ఎక్కేటప్పుడు తోయడానికి, దిగేటప్పుడు పట్టి ఉంచడానికి. అందుకే వాన పడితే ఆగిపోవాలని అనుమతిలో రాయాలి. సుంకి ఒడిశాలోదే, అక్కడి అనుమతి వేరే. అది చేతిలో లేకుండా ఘాట్ మొదట్లోకి వచ్చి రోజుల తరబడి రోడ్డు పక్కన నిలిచిపోయే బండి ఇంకో ప్రమాదం.

సరే, పెద్ద బండికి కొలత తీసేవాళ్లున్నారు, దారి చూసేవాళ్లున్నారు, వెంట నడిచేవాళ్లున్నారు. మన ఊరి లోడుకు ఇందులో ఒక్కటీ లేదు.

సరుగుడు గెడల ట్రాక్టరు దగ్గరికి రండి. తొట్టి పొడవు నాలుగు మీటర్ల లోపు, గెడ ఎనిమిది తొమ్మిది మీటర్లు. సగానికి సగం వెనక గాల్లోనే ఉంటుంది. ఒకే ఇరుసున్న తొట్టి అయితే ఆ వెనక బరువు ఇరుసు మీద తూగి కొక్కెం వైపు పైకి లేపుతుంది, ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది. ట్రాక్టరు కుడికి తిరిగితే గెడల చివరలు ఎడమకు విసురుగా వస్తాయి, పక్కనే దాటుతున్న స్కూటరు వాడికి అది ఎదురుచూడని దెబ్బ. తొట్టి అడుగు నేలకు నాలుగడుగుల ఎత్తు, గెడల కట్ట అక్కడి నుంచి ఆరేడు అడుగుల దాకా. మోటారు సైకిలు మీద కూర్చున్నవాడి గుండె, ముఖం ఆ ఎత్తులోనే ఉంటాయి. రాత్రి హెడ్‌లైటు వెలుగు దూరంగా ఉన్న తొట్టి వెనక పలక మీద పడి, గెడల చివరలు బూడిదరంగు చుక్కల్లా చీకట్లో కలిసిపోతాయి. ముందున్న బండి నాలుగు మీటర్లు దూరంలో ఉందనుకున్నవాడికి గెడ అప్పటికే ముఖం దగ్గరుంటుంది.

దీనికి అనుమతి ఇవ్వమని నేను అడగను. అనుమతి విడదీయలేని సరుకుకే ఉండాలి. కాగితం మిల్లుకు పోయే కర్రను తోటలోనే తొట్టి పొడవుకు కోసుకోవచ్చు. సెంట్రింగు గెడలు కోయకూడదు నిజమే, వాటిని పొడవైన బాడీ ఉన్న లారీలో వేయాలి, ట్రాక్టరులో కాదు. వరిగడ్డి కూడా అంతే. సంక్రాంతి ముందు లారీ పక్కలకు రెండు మూడు అడుగులు ఉబ్బి, పైన ఇద్దరు మనుషులు కర్రతో తీగలెత్తుతూ పోయే గడ్డి బండికి ఏ అనుమతీ ఇవ్వకూడదు. ఇంకో ట్రిప్పు వేయాలి, లేదా కట్టలు కట్టే మిషన్‌తో గడ్డిని బిగించాలి. పచ్చి వెదురుతో 11 కేవీ తీగ ఎత్తే ఆ పని ఎంత మామూలైపోయిందో తలుచుకుంటే బాధేస్తుంది. మంచుకు తడిసిన కర్రలో కరెంటు పారుతుంది. 11 కేవీ తీగను తాకనక్కర్లేదు, దగ్గరికి పోయినా చాలు.

తీగల సంగతి వచ్చింది కాబట్టి ఒక కొలత. రోడ్డుకు అడ్డంగా పోయే ఇళ్ల కరెంటు తీగ నేల నుంచి 5.8 మీటర్లు, 11 కేవీ తీగ 6.1 మీటర్లు ఉండాలి. తీగ వేసిన రోజున ఉండే ఉంటుంది. ఆ తర్వాత స్తంభం ఒరుగుతుంది, ఎండకు తీగ సాగి వేలాడుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా రోడ్డు పెరుగుతుంది. పాత సిమెంటు రోడ్డు మీదే కొత్తది పోస్తే ఒక్కసారికి అరడుగు ఎత్తు. రెండుసార్లు పోస్తే 5.8 కాస్తా ఐదున్నరకు దిగుతుంది. తీగ కింద రోడ్డు పోసేవాళ్లు తీగ కొలవరు. లారీ మీద కోత మిషన్ ఎక్కిస్తే అడుగు 1.4, మిషన్ దాదాపు 2.8, మొత్తం 4.2 మీటర్లు, అదీ పైన గొట్టం మడిస్తేనే. మడవకపోతే ఇంకో మీటరు. విద్యుత్ రైలు మార్గం ఉన్న లెవెల్ క్రాసింగుల దగ్గర అడ్డంగా పెట్టిన ఎత్తు కమాను అయిదు మీటర్లకు లోపే ఉంటుంది. దాని పైన 25,000 వోల్టులు. కమానును తప్పించుకుని పక్కనుంచి పోవాలనే ఆలోచనే రాకూడదు. ఎత్తయిన లోడయితే రైల్వేవాళ్లు కరెంటు ఆపి ఇచ్చిన సమయంలోనే దాటాలి, అది ముందే అడిగి పెట్టుకోవాలి.

లోబెడ్‌కు లెవెల్ క్రాసింగ్ దగ్గర కిందివైపు నుంచి కూడా ఆపద ఉంది. పట్టాలు ఎత్తు మీద ఉంటే, ముందు చక్రాలు దిగి వెనక చక్రాలు ఎక్కకముందే పళ్లెం మధ్యలో నేలకు తగిలి కూర్చుంటుంది. పట్టాల మీద ఇరుక్కున్న బండి ముందుకూ పోదు, వెనక్కీ రాదు. అలాంటి గేటు ఉన్న దారిని లోబెడ్‌కు పూర్తిగా మూసేయాలి, చుట్టు ఎక్కువైనా సరే.

టెక్కలి గ్రానైట్ బండ్ల గురించి కూడా ఒక మాట. ఘనపు మీటరుకు 2.7 టన్నుల రాయి అది. మూడు మీటర్ల పొడవు, రెండు వెడల్పు, 1.8 ఎత్తు ఉన్న దిమ్మ 29 టన్నులు తూగుతుంది. మూడు ఇరుసుల లారీకి సొంత బరువుతో కలిపి చట్టం ఇచ్చిందే 28.5 టన్నులు. కొలతలన్నీ బండి లోపలే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దాని బరువే దాన్ని కదలనివ్వదనే ధీమాతో గొలుసు కూడా వేయరు. రాతి పొడి పడ్డ ఇనుప పలక మీద దిమ్మ సులువుగా జారుతుంది. గట్టిగా బ్రేకు వేస్తే బండి ఆగుతుంది, రాయి ఆగదు. ముందున్నది క్యాబిన్.

సరుకు కట్టడానికి ఒక లెక్క చాలా దేశాల్లో పాటిస్తున్నారు: ముందుకు జారకుండా సరుకు బరువులో 80 శాతం బలాన్నీ, పక్కలకూ వెనక్కీ 50 శాతం బలాన్నీ తట్టుకునేలా కట్టాలి. 20 టన్నుల పొక్లెయిన్‌కు ముందుకు 16 టన్నులు. ఇనుము మీద ఇనుము రాపిడి నాలుగు టన్నులు పట్టినా ఇంకా 12 కావాలి. 13 మిల్లీమీటర్ల గ్రేడ్ 80 గొలుసు సూటిగా లాగితే 10 టన్నులు పడుతుంది. ఏటవాలుగా కడతాం కాబట్టి అందులో ఆరు లెక్కేసుకోవాలి. అంటే ముందుకు జారకుండా రెండు గొలుసులు, వెనక్కి జారకుండా ఇంకో రెండు, నాలుగూ నాలుగు మూలలకు, ట్రాకు చట్రానికే తగిలించాలి. బూమ్‌కూ, ట్రాకు పలకలకూ కాదు. కింద చెక్క పలకలు గానీ రబ్బరు చాప గానీ వేస్తే రాపిడి రెట్టింపవుతుంది, గొలుసుల మీద భారం తగ్గుతుంది. పైభాగం గిర్రున తిరగకుండా తాళం పిన్ను వేయాలి, బకెట్ పళ్లెం మీద ఆనించాలి. పది కిలోమీటర్లు పోయాక ఆపి గొలుసులు మళ్లీ బిగించాలి, ఎందుకంటే మొదటి కుదుపులకు అన్నీ సర్దుకుని వదులవుతాయి. కొబ్బరి తాడు, నైలాన్ తాడు దేనికీ లెక్కలోకి రావు. మన దగ్గర చాలా లోబెడ్లలో నాలుగు గొలుసులకు రెండే కనిపిస్తాయి, చాలాసార్లు అవీ వెనకవైపే.

నేను అడిగే పద్ధతి ఇది. విడదీయలేని సరుకు, 3.5 మీటర్ల లోపు వెడల్పు, నాలుగున్నర మీటర్ల లోపు ఎత్తు, బరువు బండి పుస్తకంలో ఉన్న దానికి మించనిది, జిల్లా లోపలి ప్రయాణం. దీనికి రవాణా కార్యాలయంలో పొద్దున అడిగితే సాయంత్రానికి, అడిగినవాడి ఫోనుకే ఒకే కాగితం రావాలి. రుసుము ఒకటే, అందరికీ తెలిసేలా గోడ మీద రాసి ఉండాలి. దరఖాస్తులో కావలసినవి: బండి పత్రాలు, ఫిట్‌నెస్, బీమా, లోడు ఎక్కించాక ముందు నుంచీ పక్క నుంచీ టేపు కనబడేలా తీసిన ఫోటోలు, పోయే రోడ్ల పేర్లు. బరువు మించి జాతీయ రహదారి ఎక్కితే కేంద్ర రోడ్డు రవాణా శాఖ అనుమతి తప్పదు, దాన్ని జిల్లా చేతిలో పెట్టమని నేను అనను. వంతెన లెక్క తెలిసినవాళ్లే దాన్ని చూడాలి.

షరతులు కొలవగలిగేవి కావాలి. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకానే ప్రయాణం, మంచు పట్టిన ఉదయాల్లో మంచు విడిచాకే. ముందొక పైలట్ బండి, అది కనీసం వంద మీటర్లు ముందుండి, ఇరుకు చోట్లలో ఎదురు వచ్చేవాళ్లను ఆపాలి. రెండు వరుసల రోడ్డయితే వెనక కూడా ఒకటి. వెడల్పు ఎక్కడ ఎక్కువో ఆ నాలుగు మూలలకూ ఎర్ర జెండాలు, మెరిసే టేపు, ముందు తెలుపు, వెనక ఎరుపు. బడి వదిలే వేళ ఊళ్లోకి రాకూడదు. పగలు పోతే ట్రాఫిక్ ఆగుతుందని కొందరు అంటారు. పోలీసులు వెంట ఉండే పెద్ద ట్రైలర్‌కు పట్టణంలో రాత్రే మంచిది, ఒప్పుకుంటాను. వెంట ఎవరూ లేని లోబెడ్‌కు చీకటి మంచిది కాదు. పది నిమిషాలు రోడ్డు ఆగినా ఎవరికీ దెబ్బ తగలదు.

అన్నిటికన్నా కావలసినది దారుల పట్టిక. ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్ ఇంజినీర్లకు తమ రోడ్ల మీద ఏ కిలోమీటరు రాయి దగ్గర ఏ కల్వర్టు బలహీనమో, ఏ మలుపు ఇరుకో తెలుసు. కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ లైన్‌మన్‌కు ఏ తీగ కిందికి వేలాడుతోందో తెలుసు. వీళ్లు చెప్పింది ఒకచోట రాసి, రోడ్డు రోడ్డుకూ గరిష్ఠ వెడల్పు, ఎత్తు, బరువు వేసి పెడితే అనుమతి ఇచ్చే గుమాస్తా ఎవరినీ అడగనక్కర్లేదు. చట్టంలో 115వ సెక్షన్ ఉంది, ఫలానా రోడ్డు మీద ఫలానా బండ్లు పోకూడదని నోటిఫై చేసే అధికారం అందులోదే. తీగ ఎత్తు కొలవడానికి గుడ్డి అంచనా వద్దు. పైలట్ బండికి కరెంటు పారని ఫైబర్ కర్రను లోడుకన్నా జానెడు ఎత్తుగా నిలబెట్టి ముందు పోతే అది తగిలిన చోటల్లా పట్టికలోకి ఎక్కించొచ్చు.

మన దగ్గర ఇది చేతకాదని ఎవరూ అనకూడదు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ప్రతి ఏటా మూడు లాంతర్ల నుంచి కోట దాకా తిరుగుతుంది. యాభై అరవై అడుగుల చింతమాను, కొస మీద మనిషి. ఆ దారిలో తీగలూ, కొమ్మలూ, జనం నిలిచే చోటూ ముందే చూసుకుంటారు. ఒక ఊరు ఒక దారిని అంగుళం అంగుళం చూడగలదనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

అత్యవసరానికి మాత్రం వేరే వాకిలి ఉంచాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు వేల కరెంటు స్తంభాలు పడగొట్టింది. కొత్త స్తంభం ఎనిమిది మీటర్లది గానీ 9.1 మీటర్లది గానీ ఉంటుంది, తొట్టిలో పట్టదు. ఊరు చీకట్లో ఉన్నప్పుడు కాగితం కోసం ఆగమని ఎవరూ అనలేరు. అలాంటి రోజుల్లో కలెక్టరు ఒక్క ఉత్తర్వుతో గడువు పెట్టి మినహాయింపు ఇవ్వాలి, పగటి ప్రయాణం, పైలట్ బండి, వెనక మెరిసే టేపు మాత్రం అప్పుడు కూడా మాఫీ చేయకూడదు.

ఈ కాగితం సులువుగా దొరకడం మొదలయ్యాక బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మొహమాటపడాల్సిన పని లేదు. కాగితం లేని లోబెడ్ దొరికితే 20,000 వేసి, బండి అక్కడే ఆపాలి. గొలుసులు నాలుగుకు రెండే ఉంటే, మిగతా రెండూ తెచ్చి కట్టేదాకా కదలనివ్వకూడదు. గెడల ట్రాక్టరుకు ఎర్ర గుడ్డ చూసి వదిలేయకూడదు, రోడ్డు పక్కనే కోయించి తొట్టిలో సర్దించాలి. కోత మొదలయ్యే నవంబరు లోపే ఆ పట్టిక తయారు కావాలి, ఎందుకంటే కోత మిషన్లు ఊరూరా తిరిగేదీ, గడ్డి బండ్లు రోడ్డెక్కేదీ, పొద్దున్నే మంచు కమ్మేదీ ఆ రెండు మూడు నెలల్లోనే.